సంకన సెల్లి

వల మునగడానికి కట్టే సీసపు గుళ్ళు నడుముకి చుట్టుకుని మా అన్న మోహన్ గొంతులోతు నీళ్ళలో నిలబడి ఉండగా ఆ పొద్దున్న ముందుగా చూసింది నేనే.

వేట నిషేధం మొదలై వారం కాలేదు. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమిదాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవలు కదలకూడదు. గాజువాక దాటి సముద్రం వైపు వస్తే తగిలే మా పల్లెలో పడవలన్నీ ఇసుకలోకి లాగేసి ఉన్నాయి. మగవాళ్ళింకా లేవలేదు. ఒడ్డున కాకులూ, నేనూ, నీళ్ళలో అన్న తలా. పక్కనున్న మా వలకి గుళ్ళు కోసేసి ఉన్నాయి.

మోహన్ అన్న నడక కంటే ముందు ఈత నేర్చినవాడు. అలాంటివాడికి గుళ్ళతో పనేముంది? ఒక్క పనే ఉంది.

నేను అరవలేదు. అరిస్తే ముందుకి అడుగేస్తాడేమోనని భయం. బట్టలతోనే నీళ్ళలోకి దిగి, వెనక నుంచి జుట్టు పట్టుకుని లాక్కొచ్చాను. గింజుకోలేదు. ఇసుకలో కూలబడి, నేను ముడులు విప్పుతుంటే చేతులెత్తి కూర్చున్నాడు, చిన్నపిల్లాడికి చొక్కా విప్పుతున్నట్టు.

"ఏటన్నియ్యా ఇది? ఏటి సేద్దామనుకున్నావ్?"

జవాబు రాదని తెలిసే అడిగాను. మార్చి నెల నుంచి మా అన్న నోట మాట లేదు.

మార్చిలో మా ఎల్లారావు మావ పడవ మీద ముగ్గురు వేటకెళ్ళారు. మావ అంటే మా అమ్మ తమ్ముడు. ఆయనా, మోహన్ అన్నా, మా అప్ప మొగుడు అర్జునరావు బావా. అక్కని మేము అప్ప అంటాం. మా అప్ప పేరు సూర్యకళ. వెళ్ళిన ముగ్గురిలో ఇద్దరే తిరిగొచ్చారు.

"రేవు బయట ఓడలు లంగరేసుంటాయి గదా, ఆటికి అవతల," అని మావ ఊరందరి ముందూ చెప్పాడు. "సీకటి. వల లాగతా లాగతా జారిపోనాడు. తెల్లారిందాకా ఎతికినాం. దొరకనేదు."

ఊరు నమ్మింది. సముద్రం మీద బతికేవాళ్ళకి ఇది కొత్త కాదు. కానీ మా అప్పకి ఆ మాటల్లో ఒక్క మాటే వినపడింది. ఓడలు.

"ఓడోళ్ళు సూసుంటారు," అంది అప్ప. "పైకి లాగీసుంటారు. నడిమద్దెలో ఓడ ఆపరు గదా. ఏ సింగపూరో ఎల్లిపోయుంటాడు. తిరుగు ఓడకి ఒచ్చేత్తాడు."

ఒక్క కన్నీటిబొట్టు కార్చలేదు. రోజూ పొద్దున్నే పెళ్ళి ఫొటో సంచిలో పెట్టుకుని, బస్సెక్కి, రేవు గేటు దగ్గరికి వెళ్ళేది. బయటికొచ్చిన ప్రతి ఓడ మనిషికీ ఫొటో చూపించేది. రాత్రి అన్నం రెండు కంచాల్లో పెట్టేది. కర్మ చేయించాలని వచ్చిన పెద్దలకి చీపురు చూపించింది. చేతినిండా గాజులు, నుదుట రూపాయంత బొట్టు. ఆమెని చూస్తే మా అమ్మ గంగాలమ్మ తల తిప్పుకునేది.

బావ ఉన్నాడో పోయాడో ఖాయంగా చెప్పగలవాళ్ళు లోకంలో ఇద్దరే. మావ చెప్పిందే చెబుతున్నాడు. అన్న నోరు కట్టేసుకున్నాడు. ఆ నోరు తెరుచుకోకపోతే అన్నని సముద్రం తీసుకుపోతుంది, అప్ప బతుకు రేవు గేటు దగ్గరే తెల్లారిపోతుంది. ఆ వేసవంతా మా ఇంట్లో ఉన్న భయం ఇదే.

గుళ్ళ సంగతి తెలిశాక పట్నంలో డాక్టరుకి చూపిద్దామన్న నా మాట అమ్మ ఇంక కాదనలేదు. నేను గాజువాకలో డిగ్రీ చదువుతున్నాను. మా లెక్చరర్ ఒకావిడ అడ్రసిస్తే అన్నని మద్దిలపాలెం తీసుకెళ్ళాం.

బస్సు డిపో పక్క సందులో, మందుల షాపు పైన చిన్న గది. డాక్టర్ పేరు హేమశ్రీ. మందులు రాసే డాక్టర్ వేరే ఉన్నాడు, ఆయన రాసినవి అన్న మింగుతూనే ఉన్నాడు. ఈవిడ మాట్లాడించే డాక్టర్.

"మాటే నేనోడిని మాటాడించే డాట్రమ్మ కాడికి తెచ్చినావేటే?" అని అమ్మ నా చెవిలో గొణిగింది. "ఆవిడొక్కర్తీ మాటాడుకోడానికా?"

హేమశ్రీ గారికి వినపడింది. నవ్వింది. అన్న ముందు తెల్లకాగితం, పెన్సిలు పెట్టింది.

"మోహన్ గారూ, ఒక చెట్టు గీయండి. ఏ చెట్టైనా సరే. బాగా రాకపోయినా ఫరవాలేదు."

అన్న పెన్సిలుని వల కుట్టే సూదిలాగా పట్టుకుని గీశాడు. ఆగలేదు, చెరపలేదు. గీసి, బోర్లా తిప్పి పెట్టేశాడు.

అన్ననీ అమ్మనీ బయట కూర్చోబెట్టి, డాక్టరమ్మ ఆ కాగితం నాకు చూపించింది. పొడుగాటి కాండం. పైన గుండ్రంగా ఆకుల తల. కాండం సగం దాటాక కుడి పక్కకి ఇంకో తల, చిన్నది. కింద ఏమీ లేదు. కాండం గాల్లో మొదలైంది. దాని కింద, నేల ఉండాల్సిన చోట, పెన్సిలు పెట్టి నొక్కి నొక్కి కాగితానికి చిల్లి పడింది.

"మాది ఆనందపురం దగ్గర పల్లె," అంది హేమశ్రీ గారు. "మామిడి తోటలో పుట్టాను. మా వాళ్ళలో ఎవర్ని గీయమన్నా ముందు నేల గీత గీస్తారు, తరవాత వేళ్ళు, తరవాతే చెట్టు. మీ అన్న చెట్టుకి నేల లేదు. కాలికింద ఏమీ లేదనుకుంటున్నాడు. ఈ చిల్లి చూడు, దెబ్బ తగిలింది అక్కడ. ఇక ఈ రెండో తల... ఒక ప్రాణం ఇంకో ప్రాణాన్ని మోస్తున్నట్టు లేదూ?"

నెలన్నరగా పక్కపక్కన పడుకుంటున్న నాకు అందని మనిషి, ఒక్క కాగితంలో ఈవిడకి అందాడు.

తలుపు సందులోంచి అమ్మ తొంగిచూసింది. "జాతకం సెప్తన్నారేటమ్మా?"

"జాతకమైతే నేనే చెప్పేద్దునమ్మా. ఇది ఆయనే చెప్పాలి. ఏమి అడగాలో మాత్రం నాకు చెట్టు చెబుతుంది."

"అలాగైతే మా పెరట్లో ములగసెట్టుని అడగండి, ఈడి పుటక కాడినుండి సూత్తంది," అంది అమ్మ. ఆ గదిలో నేను నవ్వినది అప్పుడొక్కసారే.

తరవాతి వారం మళ్ళీ చెట్టు గీయించింది. ఆ తరవాతి వారం మళ్ళీ. మధ్యలో ఆవిడ ఏమేమో అడిగేది. ఈ చెట్టుకి ఎండ తగులుతోందా, గాలి ఎటు నుంచి వస్తోంది, దీనికేం కావాలి. అన్న కళ్ళెత్తేవాడు కాదు. ఇంటి దగ్గర మాత్రం అన్నకి నేనూ అమ్మా వంతులేసుకుని కాపలా కాసేవాళ్ళం. ఎల్లారావు మావ రోజూ వచ్చి గుమ్మంలోనే నిలబడి, "ఏటంటన్నాడు?" అని అడిగి వెళ్ళిపోయేవాడు. ఊళ్ళో అందర్నీ ఆటపట్టించే మనిషి, మా ఇంటి గడప దగ్గరికొచ్చేసరికి లుంగీ అంచు నలుపుకునేవాడు.

మే నెల ఎండలు ముదిరాయి. ఆ వారం హేమశ్రీ గారు అన్న గీసిన చెట్లన్నీ బల్ల మీద వరసగా పరిచింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఆశా, ఇన్నేళ్ళలో నేనిలాంటిది చూడలేదు. మనసులోంచి వచ్చే చెట్టు వారం వారం మారుతుంది. ఒక వారం ఆకులు రాలతాయి, ఒక వారం కొమ్మ పెరుగుతుంది. ఇది మారలేదు. అదే వంపు. చిన్న తల అదే ఎత్తులో. పోయిన వారం నుంచి ఆ చిన్న తల కింద ఏదో కుండ కూడా గీస్తున్నాడు."

"అది లొట్టి మేడమ్. కల్లు గీసేవాళ్ళు తాటిచెట్టుకి కడతారు."

"అయితే నేను తప్పు దారిలో ఉన్నాను," అంది ఆవిడ. "ఇది ఊహించి గీసింది కాదు. చూసి గీసింది."

నా ముందుకి ఒక కాగితం తోసింది. "నువ్వు గీయి. మీ ఊళ్ళో తాటిచెట్టు."

మా పల్లె చివర ఒడ్డు మీద రెండు తాటిచెట్లున్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగుది అప్ప, పొట్టిది సెల్లి. రెంటి మధ్యా వల ఆరేసుకునేంత ఎడం. చిన్నప్పుడు అప్ప ఆ పొడుగుదాన్నీ, నేను పొట్టిదాన్నీ పట్టుకుని ఆడుకునేవాళ్ళం. వాటినే గీశాను. కింద నేల గీత కూడా గీశాను.

"నువ్వు ఎక్కడ నిలబడి చూశావు వీటిని?"

"మా గుమ్మంలో."

ఆవిడ నా కాగితాన్ని అన్న కాగితం పక్కన పెట్టింది.

"మరి మీ అన్న ఎక్కడ నిలబడి చూశాడు?"

మా గుమ్మంలోనే అనబోయి, రెండు కాగితాలూ మళ్ళీ చూశాను.

అన్న నిలబడి లేడు. కింద నేల లేదు.

మా ఇళ్ళలో మగవాళ్ళు వేట నుంచి వచ్చి చెప్పుకునే చోట్ల పేర్లు బోలెడుంటాయి. అందులో ఒకటి 'సంకన సెల్లి'. ఈయాల సంకన సెల్లి కాడ దండిగా పడ్డాయి, అంటారు. నీళ్ళ కింద రాళ్ళ దిబ్బ ఉన్న చోటు అది. సముద్రం మీద వీధులుండవు, గుమ్మాలుండవు. ఒడ్డున కొండనీ చెట్టునీ చూసుకుని చోటు పట్టాలి. పడవ కదులుతుంటే రెండు చెట్లూ దగ్గరవుతాయట. ఒక్క చోట మాత్రం పొట్టిది పొడుగుదాని ముందుకొచ్చేసి, కాండాలు రెండూ ఒకటైపోయి, అప్ప చెల్లిని చంకనెత్తుకున్నట్టు కనపడుతుందట. పుట్టినప్పటి నుంచి ఆ పేరు విన్నాను. చూడలేదు. మా ఆడవాళ్ళు ఎవరూ చూడలేదు. మేము పడవ ఎక్కం.

చెప్పాను. హేమశ్రీ గారు కళ్ళద్దాలు తీసేసి, ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది.

"వేళ్ళు లేక కాదు," అంది. "వేళ్ళు కనపడని చోట ఉన్నాడు. ఇంకా అక్కడే ఉన్నాడు."

బస్సులో వస్తుంటే మిగతాది నాకే తోచింది. ఓడలు లంగరేసే చోటి నుంచి తాటిచెట్లు కనపడవు. లొట్టి కనపడిందంటే ఒడ్డుకి దగ్గర. చీకట్లో లొట్టి కనపడదు. అంటే పగలు. మావ చెప్పిన రెండు మాటలూ అబద్ధమే.

ఆ తరవాత జరిగినవి, పోలీసులు రావడం, ఊరి పెద్దలు కూర్చోవడం, మా పల్లెలో అందరికీ తెలుసు. మా ఇంటివాళ్ళకి తప్ప ఎవరికీ తెలియనిది నేను తెప్ప ఎక్కిన సంగతి.

మరపడవలకే గానీ తెడ్డుతో నడిచే తెప్పలకి నిషేధం లేదు. పొద్దున్నే మావ తెప్ప దుంగలకి తాళ్ళు బిగిస్తుంటే వెళ్ళాను.

"మావా, నన్ను ఎక్కించుకో. సంకన సెల్లిని సూడాల."

"ఆడగుంట తెప్పెక్కితే ఊరు ఊరుకుంటాదేటే? నా తెప్ప తగలెట్టీగల్రు."

"డాట్రమ్మ సూడమంది."

"ఆవిడకేటి తెలుసు సంకన సెల్లి గురించి?"

"అన్నియ్య సెప్పినాడు."

మావ చేతిలో తాడు జారింది. "మాటాడినాడా?"

"గీసినాడు."

మావ నా ముఖంలోకి చూశాడు. వంగి తెప్పని నీళ్ళలోకి తోశాడు. "గట్టిగా కూకో. కాళ్ళు తడిసినా కదలకు," అన్నాడు.

మొదటి కెరటాలు దాటేదాకా కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మా పల్లె చిన్నదైపోయి ఉంది. వెనక ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాలు, ముందు ఇసుక. నీళ్ళు ఉబ్బి తెప్ప పైకి లేచినప్పుడు ఇసుక కనపడేది, దిగినప్పుడు మాయమయ్యేది. ఇళ్ళు మునిగేవి, తేలేవి.

అప్పుడు చెట్లు నడవడం మొదలుపెట్టాయి.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కదలకుండా ఉన్న రెండు చెట్లు. మావ తెడ్డు వేసినకొద్దీ పొట్టిది మెల్లగా పక్కకి జరుగుతోంది. చంటిపిల్ల తడబడుతూ అప్ప వైపు నడుస్తున్నట్టు. వల ఆరేసుకునేంత ఎడం చేతి వెడల్పయింది, వేలి వెడల్పయింది. కాండం కాండంలో కలిసిపోయింది. ఒకే చెట్టు. రెండు తలలు. మొదళ్ళు నీళ్ళ వెనక మునిగి, కాండం గాల్లోంచి మొదలైంది. చిన్న తల కింద లొట్టి నల్లగా మెరుస్తోంది.

జాకెట్లో దాచిన ప్లాస్టిక్ కవరు తీసి, అన్న గీసిన కాగితం విప్పి, చెట్టు పక్కన పట్టుకున్నాను. అదే వంపు. అదే ఎత్తు. ప్రపంచంలో ఇంకే చోటు నుంచి చూసినా ఆ బొమ్మ రాదు. నోరు లేని మనిషి ఎక్కడున్నాడో చెప్పాడు. వారం వారం అదే చెప్పాడు. ఆ నీళ్ళ మీద ఆ కాగితాన్ని పట్టుకున్నప్పుడు, గుళ్ళో హారతి పళ్ళెం పట్టుకున్నంత భయం వేసింది నాకు.

మావ కూడా చూశాడు. తెడ్డు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బావ ఓడల కాడ పడిపోనేదు, మావా."

"ఊఁ."

"ఇక్కడేటి సేసినారు?"

"బాంబేసినాం," అన్నాడు. "క్వారీలో రాళ్ళు పేల్చే మందు. రాళ్ళ మజ్జెన సేపలుంటాయి, ఒక్క దెబ్బకి తేలిపోతాయి. బాంబేట ఆడినోడ్ని ఊర్నుండి ఎలేత్తామని పెద్దలు కట్టు పెట్టినారని తెలిసే ఏసినాం. మీ బావ నీళ్ళలో ఉన్నాడు."

"ఎవరేసినారు?"

మావ చెట్టు వైపు చూశాడు. "నానే."

చాలా తేలిగ్గా వచ్చింది ఆ మాట. అంత తేలిగ్గా ఎందుకొచ్చిందో ఆ క్షణాన నాకు తట్టలేదు.

"మీ అప్పకి నానే సెప్తాను," అని తెప్ప తిప్పాడు. వెనక్కి చూస్తే చెల్లి అప్ప చంక దిగి పక్కకి జరిగిపోతోంది.

మధ్యాహ్నం అప్ప రేవు నుంచి వచ్చేసరికి మావ మా గుమ్మంలో లేడు. లోపలికొచ్చి నేల మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ ఎండుచేపలు ఏరుతోంది. మోహన్ అన్న గోడకి ఆనుకుని మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు.

"ఏటి మావా, ఇయ్యాల లోపలికొచ్చీసినావు?" అంది అప్ప, సంచి దించుతూ. "రేవుకి కొత్త ఓడ ఒచ్చింది. రేపు దిగుతారంట జనం."

మావ చెప్పాడు. తల ఎత్తకుండా, తెప్ప మీద నాకు చెప్పిన మాటలే. అమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. అప్ప కూర్చోలేదు. నా వైపు తిరిగింది. కాగితం ఇచ్చి, ఎక్కడ చూశానో చెప్పాను. అప్ప ఆ రెండు తలల మీద వేలితో రాసింది. గాజులు చప్పుడు చేశాయి.

"నువ్వు ఏసినప్పుడు మా ఆయన పడవకి ఎటేపు ఉన్నాడు మావా?"

"ఇవతలేపు."

"తెలిసే ఏసినావా?"

తెప్ప మీద అంత తేలిగ్గా నేరం నెత్తినేసుకున్న మావ, ఆ ఒక్క ప్రశ్నకి అన్న వైపు చూశాడు.

"మావ కాదు."

ఎవరిదో తెలియని గొంతు. తుప్పు పట్టిన గొంతు. మేమందరం గోడ వైపు తిరిగాం. మోహన్ అన్న లేచి నిలబడ్డాడు.

"నువ్వూరుకోరా," అన్నాడు మావ. ఏడుస్తున్నాడు. "నానేనన్నాను గదా."

అన్న ఆయన వైపు చూడలేదు. అప్పనే చూస్తూ చెప్పాడు.

"మావ కాదప్పా. మావ సేతిలో తెడ్డుంది, మందు నా సేతిలో ఉంది. ముందు దెబ్బకి సేపలు తేలినాయి. ఏరుకొత్తానని బావ దూకినాడు. రెండోది ఒద్దురా అన్నాడు మావ. బావ అవతలేపు ఉన్నాడనుకోని ముట్టించీసినాను. అప్పుడు మావ అరిసినాడు, ఇవతలే ఉన్నాడురా, ఇసరకురా అని. నాకు ఇనపడిందప్పా. ఇనపడనేదని సెప్పను. ఒత్తి సేతిదాకా ఒచ్చీసింది. అవతలేపు ఇసరొచ్చు. తిరిగితే సాలు. తిరిగినంతలో నా సెయ్యెల్లిపోతాదని బయ్యమేసింది. నీళ్ళేపు సూడనేక, తలెత్తి సెట్టుని సూత్తా ఇసిరీసినాను. మావ దూకి మునిగి మునిగి ఎతికినా దొరకనేదు. నాను దూకనేదు. కూకుండిపోనాను. ఓడల మాట మావ నా కోసం కట్టినాడు. నువ్వు గేటు కాడ నిలబడతావని మాకు తెల్దు. నువ్వింక ఎల్లకప్పా. బావ ఏ ఓడా ఎక్కనేదు. సచ్చిపోనాడు. సంపీసింది నాను."